అయిదు ఊళ్ళు, ఎనిమిది రోజులు

విహారయాత్రలో కంటే దానికి పథకం వేసుకోవడంలోనే ఎక్కువ సుఖం ఉందని నాకు చాలాకాలంగా ఒక నమ్మకం. పటం ముందేసుకుని కూర్చున్నప్పుడు కాళ్ళు నొప్పి పుట్టవు, వాన రాదు, రైలు తప్పిపోదు, ఎవరికీ కడుపులో తిప్పదు. నాలుగు నెలలుగా నేను రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇటలీ దేశపు వాయవ్య తీరానికి, లిగూరియా ప్రాంతంలోని చింక్వే తెర్రే అనే చోటికి వెళ్ళి, పదకొండింటికల్లా తిరిగివచ్చి పడుకుంటున్నాను. ఇంకా గుమ్మం దాటింది లేదు.

చింక్వే తెర్రే అంటే అయిదు నేలలు. ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా మొంతెరోస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే. కొండ నేరుగా సముద్రంలోకి దిగిపోయే చోట, కొండకీ నీటికీ మధ్యన ఉన్న ఇరుకులో, ఒకదాని భుజాలమీద ఒకటి ఎక్కినట్టు రంగురంగుల ఇళ్ళు. 1870లలో సొరంగాలు తొలిచి రైలు వేసేదాకా ఈ ఊళ్ళకు దారంటే పడవా, కంచరగాడిదల బాటా. ఇప్పుడు ఒక ఊరి నుంచి పక్క ఊరికి రైల్లో అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఆ అయిదు నిమిషాలూ చీకటే. చీకట్లోంచి ఒక్కసారిగా సముద్రం, మళ్ళీ చీకటి.

నిజం చెప్పాలంటే నాకు మొదట ఈ అయిదు ఊళ్ళ మీద ఆసక్తి లేదు. నా కన్ను వాటికి ఆగ్నేయంగా, లా స్పెజియా అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న లెరీచి మీద. దాని పక్కనే సాన్ తెరెంజో అనే పల్లెలో కాసా మాన్యి అని ఒక తెల్లటి ఇల్లుంది. 1822 వేసవిలో షెల్లీ ఉన్నది ఆ ఇంట్లో. ఆ జులై 8న లివోర్నో నుంచి తన పడవలో ఇంటికి బయలుదేరి, తుఫానులో చిక్కుకుని, ఇల్లు చేరలేదు. ముప్పయ్యో పుట్టినరోజుకు ఇంకా నెల కూడా లేదు. ఈత రాదు. పది రోజుల తరువాత వియారెజ్జో దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన శరీరాన్ని గుర్తుపట్టడానికి సాయపడినవాటిలో కోటు జేబులోని కీట్సు కవితల పుస్తకం ఒకటి. కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అని పిలుచుకున్న జాతివాళ్ళం కదా, అసలు షెల్లీ చివరిసారి గుమ్మం దాటిన ఇంటిని ఒక్కసారి చూసిరావాలని ఇంటర్మీడియట్ రోజుల్లో పుట్టిన కోరిక. ఆ రోజుల్లో సముద్రపు అలలు ఆ ఇంటి కింది కమానుల దాకా వచ్చేవిట. ఇప్పుడు మధ్యన రోడ్డు వచ్చింది. అయినా సరే.

ఆ కోరికను ఒంటరిగా బయటపెడితే ఇంట్లో నెగ్గదని తెలుసు. అందుకని దాన్ని ఒక విహారయాత్రలో చుట్టి, అందమైన సముద్రతీరం, ద్రాక్షతోటల కొండలు అని పైన రంగుకాగితం తొడిగి అందరి ముందూ పెట్టాను. అందరూ అంటే మా ఆవిడ, అమ్మ, బాపు.

మా ఆవిడది విశాఖపట్నం. బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, "సముద్రం పక్కన కొండా? భీమిలి వెళ్ళి వచ్చేద్దామండీ, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు," అంది. అమ్మ అడిగింది వేరు. ఆ ఊళ్ళలో ఏం పండుతుంది అంటే ద్రాక్ష అన్నాను, దానితో ఏం చేస్తారంటే ద్రాక్షసారా అన్నాను. "తాగెతందుకు గంత దూరం ఎందుకు బిడ్డా," అంది. ఆవిడ మోకాళ్ళ సంగతి ఆవిడ చెప్పలేదు గాని, ఆ మాట ఎప్పుడూ చెప్పకుండానే మధ్యలో ఉంటుంది.

బాపు మాత్రం కళ్ళజోడు పైకి జరుపుకుని ఒక బొమ్మను చాలాసేపు చూశాడు. మనరోలా ఊరి పైన కొండవాలు బొమ్మ. నేను దాన్ని ఊళ్ళోని రంగుల ఇళ్ళ కోసం తీసిపెట్టాను. ఆయన చూస్తున్నది ఇళ్ళను కాదు, పైన మెట్లుమెట్లుగా ఉన్న కొండను.

"ఈ గోడలు ఎవరు పెడుతున్నరు ఇప్పుడు?"

నా దగ్గర జవాబు లేదు. అక్కడినుంచి ఈ యాత్ర నా చేతుల్లోంచి జారిపోవడం మొదలైంది.

మాకొక ద్రాక్షతోట ఉండేది. కీసర దారిలో ఆరెకరాలు, 1978లో బాపు వేసింది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళేనంటే ఈ తరం పిల్లలు నమ్మరు. రకం పేరు అనాబ్-ఎ-షాహీ, అంటే రాజావారి ద్రాక్ష. పొడుగ్గా, పెద్దదిగా, పండితే తేనెరంగు తిరిగే కాయ. రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి, మనిషి నిలబడితే తలపైన గుత్తులు వేలాడేటట్టు పందిరి వేసేవారు. ఏడాదికి రెండు కత్తిరింపులు. కాయ కోశాక ఏప్రిల్‌లో ఒకటి, కొమ్మ కోసం. అక్టోబరులో ఇంకొకటి, కాయ కోసం. అక్టోబరు కత్తిరింపు తరువాత ఆకు వస్తుంటే ఇక బూజు తెగులు భయం. మైలతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టి కొట్టి బాపు గోళ్ళు చలికాలమంతా నీలంగా ఉండేవి. అన్నం కలుపుకునేటప్పుడు ఆ వేళ్ళు చూడటం నా చిన్నతనం. ఏదైనా కొత్త తెగులు కనిపిస్తే ఆకులు గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కి రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి వెళ్ళి చూపించుకొచ్చేవాడు, పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించినట్టు.

ఆ తోటను 2006లో అమ్మేశాం. అమ్మేశాం అని బహువచనంలో అనడం నాకు అలవాటైపోయింది. అమ్మించింది నేను. అప్పటికి బోర్లు ఒక్కొక్కటే ఎండుతున్నాయి, కూలీలు దొరకడం లేదు, బజారులో గింజలేని ద్రాక్ష వచ్చి రాజావారి ద్రాక్షను అడిగేవాళ్ళు తగ్గారు, బయటివలయ రహదారి వస్తుందని ఎకరం ధర నెలకొక మాటగా ఉంది. ఇవన్నీ నిజమే. ఈ నిజాలన్నిటినీ ఒక కాగితం మీద రాసి, కూడికలు తీసివేతలు వేసి, ప్రతి ఆదివారం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టిందీ నిజమే. ఏడు ఆదివారాలు పట్టింది. రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసి బయటికొచ్చి, అమ్మకు నిమ్మసోడా ఇప్పించి, ఇంటికొచ్చి పడుకున్నాడు. ఆ తరువాత ఆ దారిన ఆయన వెళ్ళలేదు. కీసరగుట్టకు వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి వేరే దారిలో వెళ్ళేవాడు. ఆ విషయం మాట్లాడిందీ లేదు.

అలాంటి మనిషి ఇన్నేళ్ళకు ఒక గోడ గురించి అడిగాడు. తెలుసుకోకుండా ఎలా ఉంటాను?

అప్పటినుంచి నా రాత్రి పహారా మారిపోయింది. షెల్లీని కాసేపు పక్కన పెట్టి గోడల సంగతి చదవసాగాను. చదివిన కొద్దీ సిగ్గు వేసింది. నేను ప్రకృతి సౌందర్యం అనుకుని బొమ్మలు దాచుకున్నది ప్రకృతి కానే కాదు. నిట్టనిలువు కొండను వెయ్యేళ్ళుగా మనుషులు చేత్తో తొలిచి, రాళ్ళు ఏరి, మట్టి గాని సున్నం గాని లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కట్టి, వెనకాల మట్టి నింపి, ఒక్కొక్క మెట్టూ కట్టుకున్నారు. ఒక్కోచోట ఆ మెట్టు మీద పట్టేది రెండు వరసల తీగలే. 1997లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వం అని గుర్తించింది ఈ మనిషీ కొండా కలిసి చేసిన పనిని. సున్నం లేకుండా రాతిగోడ కట్టే విద్యను 2018లో విడిగా మరొక పట్టికలో చేర్చారు, ఇటలీతో బాటు మరి ఏడు దేశాల పేరు మీద.

బాపుకు రోజూ కొంచెం కొంచెం చెప్పేవాణ్ణి. ఆయన అడిగే ప్రశ్నలు ఏ ప్రయాణ పుస్తకంలోనూ ఉండవు.

"పందిరి ఎంత ఎత్తు?"

అక్కడి పాత పద్ధతిలో పందిరి నడుము ఎత్తు కూడా ఉండదు. సముద్రపు గాలికి తీగలు తెగిపోకుండా నేలకు దగ్గరగా అల్లుతారు. పని చేయాలంటే మోకాళ్ళ మీద కూర్చుని కిందికి దూరాలి. గుత్తిని పడుకుని కోయాలి. ఇది చెప్పగానే బాపు నవ్వాడు. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు. "మనం మెడలు ఇరగ్గొట్టుకున్నం, ఆల్లు నడుములు ఇరగ్గొట్టుకుంటున్నరు."

"కోసిన కాయ కిందికి ఎట్ల?"

వెనక గంపలు. ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని మోసేవారట. ఇప్పుడు కొన్ని వాలుల మీద ఒకే పట్టా మీద పాకే చిన్న ఇంజను బండి ఉంది, గొంగళిపురుగులాగా. అన్ని చోట్లా లేదు.

"కాయ ఏం రకం?"

బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో. మూడూ తెల్లవే. వీటితో ఒక మామూలు తెల్ల ద్రాక్షసారా చేస్తారు. ఇంకొకటి షక్కెత్రా. ఏరిన గుత్తులను గాలి తగిలే నీడలో వారాల తరబడి ఆరబెట్టి, కాయ ముడతలు పడి తీపి చిక్కబడ్డాక పిండుతారు. బోలెడు కాయ పోస్తే కాస్త రసం వస్తుంది. "కిస్మిస్ చేసి పిండుతరన్నమాట," అని ఒక్క ముక్కలో తేల్చాడు బాపు. నాలుగు పేజీలు చదివి నేను అర్థం చేసుకున్నది అదే.

కోర్నీలియా ద్రాక్షసారాకు సాహిత్యంలో కూడా స్థానముంది. బొకాచ్చియో డెకామెరాన్‌లో ఒక బందిపోటు ఒక మఠాధిపతిని పట్టుకుని బంధిస్తాడు. కడుపునొప్పికి వైద్యం చేయించుకోవడానికి వెళుతున్న ఆ పెద్దమనిషికి రోజూ కాల్చిన రొట్టె, ఒక గ్లాసుడు కోర్నీలియా వెర్నాచ్చా మాత్రమే పెట్టి నొప్పి నయం చేస్తాడు. ఈ కథ అమ్మకు చెప్పాను, తాగుడు మీద ఆవిడ అభిప్రాయం కొంత సడలుతుందేమోనని. "బందిపోటోడు చేసిన వైద్యమా," అంది.

ఇక తిండి. అమ్మ శాకాహారి. లిగూరియాలో అది పెద్ద కష్టం కాదని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఫరినాతా అని ఒకటి ఉంది. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివు నూనె కలిపి, వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చేది. ఏ పేరు పెట్టినా అది శనగపిండి అట్టే. పెస్తో అనే ఆకుపచ్చడి పుట్టిల్లు కూడా అదే సీమ. బేసిల్ ఆకు నూరి చేస్తారంటే, "తులసాకు పచ్చడి చేసుకుంటరా, పాపం కాదా," అని అమ్మ చెవులు మూసుకున్నంత పని చేసింది. అది మన ఇంటి తులసి కాదనీ, ఎండాకాలం షర్బత్తులో వేసుకునే సబ్జా గింజలిచ్చే మొక్కేననీ నచ్చజెప్పాక శాంతించింది. అందులో వేసే జున్నులో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం కలుపుతారన్న సంగతి తరువాత తెలిసింది. ఆ జున్ను వేయకుండా ఇవ్వమని అడగాల్సిన వాక్యాన్ని ఇటాలియన్‌లో ఒక చీటీ మీద రాసి పెట్టుకున్నాను.

అసలు చిక్కు మెట్లు. కోర్నీలియా ఒక్కటే సముద్రానికి ఆనకుండా వంద మీటర్ల ఎత్తున కొండమీద కూర్చున్న ఊరు. స్టేషను నుంచి పైకి 382 మెట్లు. చిన్న బస్సొకటి తిరుగుతుంది గాని, బస్సు దిగాక ఊళ్ళోనూ మెట్లే. బస కోసం వెతుకుతూ నేనొక సూత్రం కనిపెట్టాను. ఏ గది ప్రకటనలోనైనా సముద్రం కనబడును అని ఉంటే, దానర్థం మెట్లు ఉండును అని. సముద్రం బాగా కనబడును అంటే మెట్లు బాగా ఉండును. వెర్నాజ్జాలో ఒక ఇంటావిడకు మా అమ్మ మోకాళ్ళ సంగతి రాస్తే, నిజాయితీగా లెక్కపెట్టి 71 అని జవాబిచ్చి, మొంతెరోస్సోలో చూసుకోండమ్మా అన్న ధోరణిలో సలహా కూడా ఇచ్చింది. అయిదింటిలో కాస్త చదునైన నేల, ఇసుక ఒడ్డు ఉన్నది మొంతెరోస్సోకే. పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య కొండను తొలిచిన సొరంగంలోంచి నడిచి వెళ్ళవచ్చు. సముద్రం కనబడని ఒక గది, కిందే, అయిదు రాత్రులకు పెట్టాను. మా ఆవిడ సంతోషించింది. "సముద్రం పక్కనే ఉన్నప్పుడు కిటికీలోంచి చూడ్డం దేనికండీ, వెళ్ళి కాళ్ళు తడుపుకోవాలి గాని."

తరువాత ఎప్పుడు వెళ్ళాలన్నది. వేసవి జనసమ్మర్దం. ఆ ఇరుకు సందుల్లో జులై, ఆగస్టుల్లో భుజం భుజం రాసుకోవాల్సిందే. సెప్టెంబరులో ద్రాక్ష కోత. అక్టోబరులో జనం పలచబడతారు, టిక్కెట్లు చవక. నేను అక్టోబరు మొదటి వారం అన్నాను.

"అక్టోబరుల నేను రాను," అన్నాడు బాపు.

ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయనే ఒక నిమిషం ఆగి, కత్తిరింపు అనబోయి, మానేశాడు. పంతొమ్మిదేళ్ళు దాటింది తోట పోయి. అయినా అక్టోబరులో ఇల్లు కదలకూడదన్నది ఒంట్లో ఎక్కడో అలాగే ఉండిపోయినట్టుంది. మా ఆవిడ లేచి మజ్జిగ తెచ్చింది. సెప్టెంబరు అన్నాను నేను, పటం మడతపెడుతూ.

అక్టోబరు వద్దనడానికి ఇంకొక కారణం కూడా ఉందని ఆ తరువాత ఆయనకు చదివి వినిపించాను. 2011 అక్టోబరు 25న ఆ కొండల మీద కొన్ని గంటల్లోనే నెలల వాన కురిసింది. మొంతెరోస్సో, వెర్నాజ్జా వీధుల్లోకి కొండ కరిగి వచ్చింది. వెర్నాజ్జాలో దుకాణాలన్నీ పైకప్పు దాకా బురదలో కూరుకుపోయాయి. ఆ ఊళ్ళో ముగ్గురు పోయారు, మొంతెరోస్సోలో ఒకరు. తరువాత ఆ కొండవాలులను పరిశీలించినవాళ్ళు చెప్పినదేమిటంటే, ఎక్కువగా జారిపడినవాటిలో సేద్యం మానేసి వదిలేసిన మెట్లున్నాయని. గోడలో ఒక రాయి ఊడితే మరునాడే పెట్టే మనిషి ఉంటే గోడ నిలుస్తుంది. మనిషి పోతే నీరు వెనకాల చేరి, గోడ ఉబ్బి, ఒకనాడు గోడతో బాటు వెనకున్న మట్టి కదులుతుంది. వందేళ్ళ కిందట వెయ్యి హెక్టార్లకు పైగా ఉన్న తోటలు ఇప్పుడు వంద హెక్టార్ల చుట్టుపక్కల మిగిలాయంటారు.

"పిల్లలు ఏడికి పోయిన్రు?" అన్నాడు బాపు.

లా స్పెజియాలో 1860లలో నౌకాదళపు పెద్ద కర్మాగారం వచ్చింది. నెలజీతం. తరువాత రైలు వచ్చింది, ఆ రైలెక్కి ఇంకా దూరం పోయారు. ఆఖరికి యాత్రికులు వచ్చారు. కొండ మీద ఏడాదంతా నడుం వంచితే వచ్చేది కింద ఒక గది అద్దెకిస్తే వేసవిలో వస్తుంది. నేను అద్దెకు తీసుకున్న గది కూడా అలాంటిదే అయివుంటుంది.

"అమ్ముకున్నరా మరి?"

"కొనేవాళ్ళెవరు బాపూ, ఆ కొండను? వదిలేసి పోయారు."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "అమ్ముకునుడు వేరు, ఇడిసిపెట్టుడు వేరు," అన్నాడు చివరికి. ఈ రెండింటిలో ఏది నయమని ఆయన ఉద్దేశమో నాకు ఆ రాత్రి తెలియలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

వీసా కాగితాల కోసం రోజువారీ పట్టిక రాయాలి. ఏ రోజు ఎక్కడ, ఏ రాత్రి ఏ గదిలో, మనిషికి ముప్ఫై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా. ఇలాంటివి రాయడంలో నాకు ప్రావీణ్యం ఉందని ముందే చెప్పాను కదా, ఏడు ఆదివారాల అనుభవం. ఎనిమిది రోజులు. మొదటి రాత్రి మిలాను. అక్కడినుంచి మూడు గంటల రైలు. మొంతెరోస్సోలో అయిదు రాత్రులు, లా స్పెజియాలో ఒకటి, తిరిగి మిలాను. మధ్యలో ఒక రోజు పడవ మీద పోర్తోవేనెరే. ఒక పూట రియోమజ్జోరే నుంచి మనరోలాకు కొండ అంచున ఉన్న ప్రేమబాట. కిలోమీటరు కూడా లేదు, చదును, అమ్మ కూడా నడవగలదు. 2012లో రాళ్ళు పడి నలుగురు గాయపడితే మూసేసి, పన్నెండేళ్ళు మరమ్మత్తు చేసి 2024లో తెరిచారు. దాని పేరు అమ్మకు చెప్పలేదు, సముద్రపు బాట అన్నాను. ఒక పూర్తి రోజు లెరీచి, సాన్ తెరెంజో. ఎర్ర సిరాతో రాసుకున్నాను దాన్ని.

వేలిముద్రలు ఇవ్వడానికి నలుగురం నగరంలోకి వెళ్ళిన రోజు, అక్కడి యంత్రం బాపు వేళ్ళను ఒక పట్టాన గుర్తించలేదు. ముద్రలు అరిగిపోయాయి. ఆ అమ్మాయి తడిగుడ్డతో తుడిచి, నొక్కి, మళ్ళీ తుడిచి, నాలుగోసారికి తీసుకుంది. మంచి పిల్ల, "ఏం పని చేసేవారు తాతగారూ," అని అడిగింది. "ద్రాక్షతోట," అన్నాడు. ఉండేది అనలేదు.

బయటికి వచ్చి కారెక్కాక, "కీసర రోడ్డు మీంచి పోదాం," అన్నాడు.

తోట ఉన్న చోటు కనిపెట్టడం నాకే కష్టమైంది. మూడంతస్తుల ఇళ్ళు, మధ్యలో సిమెంటు వీధులు, ఒక నీళ్ళ ట్యాంకు. ఆయన మాత్రం తడుముకోకుండా ఒక మలుపు దగ్గర ఆపమని దిగాడు. కాలనీవాళ్ళు పిల్లల ఆటస్థలం చుట్టూ కంచె వేసుకున్నారు. కంచెకు పాతినవి మన కడీలే. పదిహేను ఇరవై ఉంటాయి. తీగ దూర్చడానికి పైన బెజ్జం వేయించిన రాళ్ళు కాబట్టి కంచెకు పనికొచ్చాయి, ఎవరో తెలివిగలవాడు పడేయకుండా వాడుకున్నాడు. బాపు ఒక్కొక్క కడీ దగ్గర ఆగి బెజ్జంలో వేలు పెట్టి చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. కాపలా మనిషి వచ్చి ఎవరు కావాలని అడిగితే, "ఎవరు వద్దు, కడీలు చూస్తున్న," అన్నాడు.

తిరిగి కారులో కూర్చున్నాక నేను అనేశాను. "నేను తొందరపెట్టాను బాపూ."

"నువ్వు తొందరపెడితివి," అన్నాడు. కాదని అనలేదు. కొంతసేపు బయటికి చూసి, "బోరు నువ్వు ఎండబెట్టలేదు గద," అన్నాడు. వెనక సీట్లో అమ్మ కొంగు సర్దుకుంది. మా ఆవిడ నా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తోందని అద్దంలో తెలుస్తూనే ఉంది. ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు మళ్ళీ ఆయనే, "ఆడ నీళ్ళు ఎట్ల?" అన్నాడు.

"వానే. బోర్లు లేవు."

"ఉత్త వానకేనా?" నమ్మలేదు. ఇల్లు చేరేదాకా అదే లెక్క వేసుకుంటూ వచ్చాడు, రాతిగోడ వెనక మట్టిలో తేమ ఎన్నాళ్ళు నిలుస్తుందో, వేరు ఎంత లోతుకు పోతుందో.

ఆ రాత్రి పట్టిక తిరగరాశాను. మనరోలా నుంచి పైకి వోలాస్త్రా అనే చిన్న ఊరికి బస్సు పోతుంది. అక్కడ దిగితే ఎక్కనక్కరలేదు, తోటల మధ్యనే ఉంటాం. ఎర్ర సిరా రోజును కొట్టేసి, దాని మీద వోలాస్త్రా అని రాశాను. లెరీచిని లా స్పెజియా నుంచి బస్సులో ఒక పూటకు కుదించాను. షెల్లీ ఏమీ అనుకోడు, ఇరవై తొమ్మిదేళ్ళకే ఆయనకు తోటలూ లేవు, గోడలూ లేవు.

ఆ వైపు కాస్త తోట ఉన్న ఒక రైతుకు ఉత్తరం రాశాను. మా నాన్న ద్రాక్ష పండించినవాడు, కోత రోజుల్లో ఒక పూట వచ్చి చూడవచ్చా అని. పది రోజులకు జవాబు వచ్చింది. రండి, కాని మేము కోస్తూ ఉంటాం, మీతో కూర్చుని మాట్లాడటానికి గాని, రుచి చూపించడానికి గాని ఎవరికీ తీరిక ఉండదు, ఏమీ అనుకోవద్దు అని. తెలుగులో చెప్పి వినిపించాను.

"గదే మంచిగున్నది," అన్నాడు బాపు.

టిక్కెట్లు కొన్నాం. అమ్మ ఆవకాయ సీసాను చేతి తూకంతో తూస్తూ ఉంది. బాపు అటక మీదనుంచి పాత రేకుపెట్టె దింపించి, నూనెగుడ్డలో చుట్టి ఉన్న కత్తిరింపు కత్తెర తీశాడు. స్ప్రింగు ఇంకా బిగువుగానే ఉంది. విమానంలో అది చేతిసంచిలో రానివ్వరని నేను చెప్పబోతుండగానే, "పెద్ద పెట్టెల పెట్టు," అని నాకిచ్చాడు.